తేమ అంకెకు ముందు థర్మామీటరు

(ఇంటి మీద సొంత వాతావరణ కేంద్రం పెట్టుకున్నవారి కోసం విజయవాడలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. మధ్యలో సభికులు అడిగిన ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

మీలో చాలామందికి డాబా మీద సొంత వాతావరణ కేంద్రం ఉంది. వాన లెక్క సరిచూసుకోవడం మీకు కష్టం కాదు. పక్కన ఇంకో వానమాపకం పెడితే తెల్లారేసరికి తేలిపోతుంది. తేమ దగ్గరికి వచ్చేసరికే పేచీ. "నాది 63 చూపిస్తోందండీ, పక్కవీధిలో మా బావగారిది 71 అంటోంది, ఫోన్‌లో చూస్తే 75 ఉంది. ఏది తప్పు?" అని అడుగుతారు.

మూడూ ఒప్పే కావచ్చు. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ మాట చుట్టూనే తిరుగుతుంది. తేమ మీటరు తప్పు చూపిస్తోందని మనం అనుకునే సందర్భాల్లో ఎక్కువ భాగం నిజానికి ఉష్ణోగ్రత దగ్గర వచ్చిన తప్పులే.

లెక్క చెబుతాను, రాసుకోండి. 30 డిగ్రీల దగ్గర గాలిలో నీటి ఆవిరి పీడనం గరిష్ఠంగా 42.4 మిల్లీబార్ల దాకా ఉండగలదు. ఇప్పుడు బయట ఉన్నది 31.8 అనుకోండి. దాన్ని 42.4తో భాగిస్తే 75 శాతం వస్తుంది. అదే గాలి పక్కవీధిలో 31 డిగ్రీలుంటే గరిష్ఠం 44.9 అవుతుంది, తేమ 71 శాతానికి దిగుతుంది. మీ సెన్సార్ పెట్టిన ప్లాస్టిక్ గూడు ఎండకు కాగి లోపల 33 డిగ్రీలుందనుకోండి. అక్కడ గరిష్ఠం 50.3, తేమ 63. గాలిలోంచి ఒక్క చుక్క నీరు పోలేదు. 63 చూపిస్తున్న సెన్సార్ తన గూట్లో ఉన్న గాలి గురించి నిజమే చెబుతోంది. ఆ గూట్లో ఉన్నది ఊరి గాలి కాదు, అంతే.

ఇంత పట్టింపు ఎందుకంటారా? మన ఎండాకాలం సంగతి తీసుకోండి. 40 డిగ్రీల ఎండలో తేమ 40 శాతం ఉంటే తడి బల్బు ఉష్ణోగ్రత, అంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు గాలిలో చూపించేది, 28 దగ్గర ఉంటుంది. తేమ 50 అయితే అది 30 దాటుతుంది. ఒంటి చెమట ఆరుతుందా లేదా, కోళ్ళ షెడ్డులో సన్నటి నీటి తుంపర చల్లే ఫాగర్లు పనికొస్తాయా లేక ఇంకాస్త ఉక్క పెంచుతాయా అన్నది ఆ రెండు డిగ్రీల్లోనే తేలిపోతుంది. వరి రైతుకైతే రాత్రి తేమ 90 దాటి ఆకు తడిగా ఉన్న గంటలెన్ని అన్నది ముఖ్యం, అగ్గితెగులు అప్పుడే అంటుకుంటుంది. మీటరు 10 శాతం తక్కువ చూపిస్తే ఆ రాత్రి ఆయన లెక్కలోకే రాదు. మీరు మీ అంకెల్ని నలుగురూ చూసేలా ఇంటర్నెట్‌లో పెడుతున్నారు. వాటిని నమ్మి మందు కొట్టేవాళ్ళూ, కొట్టడం మానేసేవాళ్ళూ ఉంటారు. అందుకే ఈ పని శ్రద్ధగా చేయాలంటాను.

సరే, మొదలు థర్మామీటరు. తేమ సెన్సార్, ఉష్ణోగ్రత సెన్సార్ సాధారణంగా ఒకే చిన్న చిప్‌లో ఉంటాయి. దాన్ని నీళ్ళలో ముంచలేం. కాబట్టి ఒక మంచి గాజు థర్మామీటరు తెచ్చుకోండి, లేబొరేటరీ సామాన్లు అమ్మే షాపులో దొరుకుతుంది. మంచుగడ్డని మెత్తగా దంచి గ్లాసు నిండా వేసి, సందులు నిండేంత డిస్టిల్డ్ వాటర్ పోసి, థర్మామీటరు బల్బు మధ్యలో ఉండేలా పెట్టి కాసేపు కలపండి. సున్నా చూపించాలి. అర డిగ్రీ తేడా ఉంటే ఆ తేడా రాసి పెట్టుకోండి. తర్వాత ఆ గాజు థర్మామీటరునీ మీ సెన్సార్‌నీ నీడ ఉన్న గదిలో పక్కపక్కన పెట్టి, ఫ్యాను గాలి రెండిటికీ సమానంగా తగిలేలా చూసి, అరగంట ఆగి చదవండి. ఇక్కడ సరిపోయి డాబా మీద సరిపోకపోతే తప్పు సెన్సార్‌ది కాదు, మీరు పెట్టిన చోటుది.

చోటు గురించి చెప్పాలంటే చాలా ఉంది కానీ మన ఇళ్ళలో జరిగేవే చెబుతాను. స్లాబుకి అడుగు ఎత్తులో పెడతారు. పిట్టగోడకి మేకు కొట్టి తగిలిస్తారు. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ ఊదే దారిలో పెడతారు. లేదంటే ఎదురు తప్పు చేస్తారు, పూలకుండీల మధ్యనో, బట్టలారేసే తీగ కిందనో, పొంగిపోయే వాటర్ ట్యాంకు పక్కనో పెట్టి తేమ ఎక్కువ చూపిస్తోందంటారు. వాతావరణ శాఖవాళ్ళు స్టీవెన్సన్ స్క్రీన్ అనే తెల్ల చెక్కపెట్టెని పచ్చిక నేల మీద, సుమారు మనిషి ఛాతీ ఎత్తులో, నలువైపులా గాలి ఆడేలా నిలబెడతారు. మన బెజవాడ ఇళ్ళలో పచ్చిక నేల ఎక్కడిది? అయినా స్లాబు మీద ఒక గొట్టం పాతి మీటరున్నర పైకెత్తొచ్చు, గాలి తగిలే మూల ఎంచుకోవచ్చు. గాలి కదలని మిట్టమధ్యాహ్నం ఫ్యాను లేని ప్లాస్టిక్ గూడు రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపించడం మామూలే. ఆ వేళ తేమ అంకె చూసి సెన్సార్‌ని దిద్దకండి.

సొంతంగా బోర్డు కొనుక్కుని తయారు చేసుకున్న కుర్రాళ్ళకి ఇంకో మాట. వైఫై చిప్ పక్కనే తేమ సెన్సార్ అతికిస్తే ఆ చిప్ వేడి సెన్సార్‌కి పాకుతుంది. ఉష్ణోగ్రత డిగ్రీ, డిగ్రీన్నర ఎక్కువ, తేమ ఆ మేరకు తక్కువ చూపిస్తాయి. మూడంగుళాల వైరు వేసి సెన్సార్‌ని దూరంగా వేలాడదీయండి.

(సభలోంచి ఒక ఉపాధ్యాయిని: "సార్, మా స్కూల్ మీద పెట్టినది డిసెంబరు, జనవరి రాత్రుళ్ళు తెల్లవార్లూ 99 దగ్గరే నిలబడిపోతోంది. పాడైనట్టా?")

పాడవ్వక్కర్లేదమ్మా. ఆ రోజుల్లో ఆకాశం తేటగా, గాలి లేకుండా ఉంటే కృష్ణా డెల్టాలో తెల్లవారుజామున గడ్డి మీద మంచు పడుతుంది, పొగమంచు కమ్ముతుంది. అప్పుడు 99 నిజమే. మీరు చూడాల్సింది రాత్రి అంకె కాదు, పొద్దున అది దిగే తీరు. ఎండ ఎక్కాక తొమ్మిది, పది గంటలకల్లా చకచకా పడిపోతే ఆరోగ్యంగా ఉన్నట్టు. ఊరంతా ఎండ కాస్తున్నా మధ్యాహ్నం దాకా 99 దగ్గరే వేలాడుతుంటే లోపల నీటి పొర పట్టిందో, సాలెగూడు అల్లుకుందో, ఫిల్టరు మీద దుమ్ము ముద్ద కట్టిందో. ఒకటి గుర్తుంచుకోండి, పిల్లల చేత ఈ పరీక్ష చేయించవచ్చు. చిక్కటి పొగమంచు కమ్మి ఎదుటి కొబ్బరిచెట్టు కనపడనప్పుడు తేమ 100కి అంగుళం దూరంలో ఉండాలి. అప్పుడు మీ మీటరు 93 అంటే పై కొసలో ఏడు శాతం దాకా తక్కువ చూపిస్తోందన్నమాట. లంబసింగి, అరకు వైపు వాళ్ళకి చలికాలంలో ఈ పరీక్ష ప్రకృతే పెడుతుంది.

ఇప్పుడు వేరే కేంద్రంతో పోల్చడం. అందరూ ఇక్కడే పొరపాటు పడతారు. తేమ శాతాన్ని తేమ శాతంతో పోలుస్తారు. అలా కాదు, డ్యూ పాయింట్‌ని డ్యూ పాయింట్‌తో పోల్చండి. గాలిని చల్లబరుస్తూ పోతే ఏ ఉష్ణోగ్రత దగ్గర మంచు పట్టడం మొదలవుతుందో అదే డ్యూ పాయింట్. అది గాలిలో నిజంగా ఉన్న ఆవిరిని బట్టి ఉంటుంది, గాలి కాగినంత మాత్రాన మారదు. ఇందాకటి మూడు కేంద్రాల్నీ గుర్తు చేసుకోండి. 75, 71, 63 శాతాలు వేరువేరు, మూడిటి డ్యూ పాయింట్ మాత్రం ఒకటే, 25 డిగ్రీలు.

గన్నవరం విమానాశ్రయం నుంచీ, శంషాబాద్ నుంచీ పైలట్ల కోసం వాతావరణ నివేదిక రోజంతా వస్తూనే ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. అందులో 32 గీత 26 అని రెండంకెలు కనిపిస్తాయి. మొదటిది ఉష్ణోగ్రత, రెండోది డ్యూ పాయింట్. 32, 26 అంటే తేమ 71 శాతం అన్నమాట. ఆ అంకెలు పూర్తి డిగ్రీలకి సవరించి ఇస్తారు కాబట్టి ఒక్కసారి చూసి తీర్పు చెప్పకూడదు. అర డిగ్రీ అటూ ఇటూ అయితేనే తేమలో రెండు మూడు శాతం మారుతుంది. మబ్బు పట్టి గాలి వీస్తున్న మధ్యాహ్నాలు ఎంచుకుని, వారం పాటు చూసి, రెండు డ్యూ పాయింట్ల మధ్య తేడా ఎప్పుడూ ఒకే వైపు ఉంటోందా అని గమనించండి. సముద్రపు గాలి మీ ఊరు చేరి విమానాశ్రయం దాకా చేరని వేళ, తెల్లవారుజామున గాలి కదలని వేళ పోల్చకండి.

ఇక అసలు పరీక్ష ఉప్పుది. మన వంటింట్లోనే ఉంది.

తడి ఉప్పు పైన మూసి ఉంచిన గాలిలో తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. 20 డిగ్రీలైనా 35 డిగ్రీలైనా ఆ అంకె అర శాతానికి మించి మారదు. 25 దగ్గర 75.3, 30 దగ్గర 75.1. గాలిలో తేమ ఎక్కువైతే ఉప్పు లాక్కుంటుంది, తక్కువైతే ఉప్పులోని నీరు ఆవిరై భర్తీ చేస్తుంది. లేబొరేటరీలు కూడా వాడే పద్ధతే ఇది. కాకపోతే ముద్ద కలపడంలో ఉంది కిటుకు.

ఒక వెడల్పాటి చిన్న ప్లాస్టిక్ మూత తీసుకోండి. అందులో నాలుగు చెంచాల ఉప్పు పోయండి. మామూలు పొడి ఉప్పు చాలు. డిస్టిల్డ్ వాటర్ చుక్కచుక్కగా వేస్తూ చెంచా వెనకవైపుతో మెదపండి. మొదట ఉప్పు గడ్డలు గడ్డలుగా అతుక్కుంటుంది. ఇంకొంచెం వేస్తే గడ్డలు విడిపోయి ముద్దంతా ఒక్కటవుతుంది, చెంచాతో నొక్కితే పైన నీరు మెరిసి, చెంచా తీయగానే లోపలికి ఇంకుతుంది. అక్కడ ఆపండి. ఇంకా పోస్తే ఉప్పు కరిగి ఉప్పునీళ్ళవుతుంది, అప్పుడు పైన తేమ 75 కన్నా ఎక్కువ ఉంటుంది, పరీక్ష వృథా. మరీ పొడిగా ఉంటే ఇవ్వడానికి నీరుండదు. పరీక్ష అయ్యాక ఉప్పుని చూసినప్పుడు కరగని రవ్వలు కనపడాలి, వాటి మీద తడి మెరుపూ ఉండాలి. రెండూ ఉంటేనే ఆ అంకెని నమ్మండి.

సెన్సార్‌నీ ఆ మూతనీ కలిపి గాలి చొరని డబ్బాలో పెట్టాలి. ఉప్పు సెన్సార్‌కి తగలకూడదు, చిందకూడదు. మన ఇళ్ళలో గట్టిగా మూతపడేవి స్టీలు డబ్బాలే, కానీ వాటిలో పెడితే వైర్‌లెస్ సిగ్నల్ బయటికి రాదు, లోపల ఏం చూపిస్తోందో మీకు తెలియదు. గాజు సీసా గానీ ప్లాస్టిక్ డబ్బా గానీ వాడండి. గూడు ఊడదీసి లోపలి సెన్సార్ ముక్క ఒక్కటే పెట్టగలిగితే చిన్న డబ్బా సరిపోతుంది. డబ్బా ఎంత చిన్నదైతే అంత త్వరగా కుదురుకుంటుంది. ఒక రాత్రంతా వదిలేయండి, పెద్ద డబ్బా అయితే ఒక రోజంతా ఉంచండి.

ఇక్కడ కూడా ఉష్ణోగ్రతే కాపలా కాయాలి. ఉప్పు 30 డిగ్రీలుండి సెన్సార్ 31 ఉంటే మీటరు 75కి బదులు 71 చూపిస్తుంది. ఒక్క డిగ్రీకి నాలుగు శాతం. కాబట్టి కిటికీ పక్కన వద్దు, ఏసీ గదిలో వద్దు, ఫ్రిజ్ మీద అసలే వద్దు. డబ్బాని దుప్పటిలో చుట్టి అల్మారాలో పెట్టండి. తెరిచి చూడకుండా, ఇంట్లో అంకెలు చూపించే కన్సోల్ మీదే చదవండి. రెండు మూడు గంటల పాటు అంకె కదలకపోతే అదే మీ జవాబు.

79 వచ్చిందనుకోండి. వెంటనే నాలుగు తీసేస్తే అయిపోయిందా? కాలేదు. 75 దగ్గర నాలుగు ఎక్కువ చూపించేది 35 దగ్గర ఒక్కటే ఎక్కువ చూపించవచ్చు, 95 దగ్గర ఆరు ఎక్కువ చూపించవచ్చు. మే నెలలో తెలంగాణ పల్లెల్లో మధ్యాహ్నం 20 శాతానికి దిగుతుంది, అక్కడ ఉప్పు ఒక్కటే చాలదు. ఇంకో లవణం కావాలి, మెగ్నీషియం క్లోరైడ్. అదే పద్ధతిలో తడిపి పెడితే 33 శాతం దగ్గర నిలబడుతుంది. రసాయనాలు అమ్మే షాపుల్లో దొరుకుతుంది. దానంతట అదే నీరు పీల్చుకుంటుంది కాబట్టి మూత గట్టిగా పెట్టి దాచుకోండి.

ఇప్పుడు రెండు అంకెలున్నాయి. మీ మీటరు 33 దగ్గర 34 చూపించింది, 75.3 దగ్గర 79 చూపించింది అనుకుందాం. నిజంగా పెరిగింది 42.3, మీటరు పెంచి చూపింది 45. భాగిస్తే 0.94. ఇకనుంచి మీటరు ఏది చూపించినా అందులోంచి 34 తీసేసి, 0.94తో గుణించి, 33 కలపండి. మీటరు 90 అంటే నిజంగా 85.6. చిన్న లెక్కే, మన పదో తరగతి పిల్లలు గ్రాఫు గీసి చెప్పేస్తారు.

తెర మీద 67.4 అని దశాంశం కనపడితే మురిసిపోకండి. పది నిమిషాలు వెనకబడ్డ గడియారానికి సెకన్ల ముల్లు ఉన్నంత మాత్రాన టైము సరైనదైపోదు. కుర్రాళ్ళు మొదట కొనే చౌక నీలం రంగు సెన్సార్, డీహెచ్‌టీ 11, ఐదు శాతం అటూ ఇటూ చూపిస్తుందని తయారీదారులే రాస్తారు. ఎస్‌హెచ్‌టీ 31 రకానికి రెండు శాతం. అంతకన్నా దగ్గరగా సరిపెట్టాలని ఇంట్లో తాపత్రయపడక్కర్లేదు.

ఉప్పు మీద నమ్మకం కుదరనివాళ్ళకి పాత పద్ధతి ఉంది, తడి బల్బు. వాతావరణ శాఖ కేంద్రాల్లో ఉదయం ఎనిమిదిన్నరకీ సాయంత్రం ఐదున్నరకీ చదివే పద్ధతి. ఒకే రకం గాజు థర్మామీటర్లు రెండు తీసుకుని, ముందు రెండూ పొడిగా ఒకే అంకె చూపిస్తున్నాయో లేదో చూడండి. ఒకదాని బల్బుకి ఉతికి ఉతికి గంజి పోయిన పలచని తెల్ల నూలుగుడ్డ ఒక పొర చుట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో తడపండి. నీడలో టేబుల్ ఫ్యాను పూర్తి వేగంతో రెండిటి మీదికీ తిప్పండి. తడి బల్బు దిగి దిగి ఒకచోట ఆగుతుంది. ఆగిన అంకె చదవండి, గుడ్డ ఆరాక మళ్ళీ పైకి ఎక్కుతుంది, అది లెక్కలోకి రాదు.

పొడిది 32, తడిది 27 వచ్చాయనుకోండి. 27 దగ్గర గరిష్ఠ ఆవిరి పీడనం 35.7. రెండిటి తేడా 5ని 0.66తో గుణిస్తే 3.3. ఈ 0.66 గాలి పీడనాన్ని బట్టి వచ్చే అంకె. 35.7లోంచి అది తీసేస్తే 32.4. 32 డిగ్రీల గరిష్ఠం 47.6తో భాగిస్తే 68 శాతం. హైదరాబాదు ఎత్తు మీద ఉంది కాబట్టి అక్కడివాళ్ళు 0.66కి బదులు 0.63 వేసుకోండి. తడి బల్బు అర డిగ్రీ తప్పు చదివితే జవాబు మూడు శాతం మారుతుంది, కాబట్టి కంటిని పాదరసం మట్టానికి సరిగ్గా ఎదురుగా పెట్టి చదవాలి.

మచిలీపట్నం, కాకినాడ, విశాఖ నుంచి వచ్చినవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. మన పరీక్షకి పనికొచ్చిన ఉప్పే మీ సెన్సార్‌కి శత్రువు. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు ఫిల్టరు మీద సన్నని పొరగా పేరుకుంటుంది. బయట తేమ 75 దాటగానే ఆ ఉప్పు నీరు పీల్చి తడిసిపోతుంది. సెన్సార్ గడప దగ్గరే తడి కూర్చుంటుంది, బయట తేమ తగ్గినా అది త్వరగా వదలదు. ఫిల్టరు మూత ఊడేదైతే తీసి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి నీడలో బాగా ఆరబెట్టి పెట్టండి. లోపలి చిప్‌ని మాత్రం వేలితో గానీ, గుడ్డతో గానీ, స్పిరిట్‌తో గానీ తుడవకండి. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఉన్న పలచని పాలిమర్ పొర నీటి అణువుల్ని పీల్చుకోవడం వల్లే అది తేమని కొలుస్తుంది. ఆ పొర పెయింటు వాసనల్నీ, వార్నిష్ ఆవిర్లనీ కూడా పీల్చుకుంటుంది. ఇంటికి రంగులేయిస్తున్నప్పుడు సెన్సార్‌ని తీసి దూరంగా పెట్టండి.

వానాకాలంలో రోజుల తరబడి 80 పైనే ఉంటే ఆ పొర ఉబ్బి, మీటరు మూడు శాతం దాకా ఎక్కువ చూపించడం మొదలుపెడుతుంది. పొడి వాతావరణం రాగానే మెల్లగా దానంతట అదే సర్దుకుంటుంది. వాన వెలిసిన మర్నాడే ఉప్పు పరీక్ష చేసి దిద్దుబాటు వేస్తే, సర్దుకున్నాక ఆ దిద్దుబాటే తప్పవుతుంది. పొడి గదిలో వారం ఉంచి అప్పుడు పరీక్షించండి.

(సభలోంచి: "కన్సోల్‌లో ఒక్క అంకె కలపడానికో తీసేయడానికో మాత్రమే వీలుంది సార్. రెండు చోట్ల రెండు తేడాలు వస్తే ఏది వేయాలి?")

మీకు ఏ తేమ దగ్గర నిర్ణయం తీసుకోవాలో ఆ చోటు తేడా వేయండి బాబూ. తెగుళ్ళ కోసం చూసే డెల్టా రైతు 75 దగ్గర వచ్చినది వేసుకోవాలి. వడగాడ్పుల కోసం చూసే ఖమ్మం, రామగుండం వాళ్ళు 33 దగ్గర వచ్చినది. కంప్యూటర్‌లోకి దింపుకునేవాళ్ళు కన్సోల్‌ని ముట్టుకోకుండా ముడి అంకెలు అలాగే ఉంచి, దిద్దుబాటు పక్క గడిలో రాసుకోవడం మేలు.

(ఇంకొకరు: "ఏడాదికి ఎన్నిసార్లు చేయాలి?")

రెండుసార్లు చాలు. వానలు రాకముందు ఒకసారి, చలికాలం పొడిబారాక ఒకసారి. ప్రతిసారీ తేదీ, గది ఉష్ణోగ్రత, ఏ లవణం, ఎంత చూపించింది, ఈ నాలుగూ ఒక పుస్తకంలో రాయండి. ఈసారి 77, వచ్చే ఏడాది 80, ఆ మరుసటేడు 84 వచ్చిందంటే ఇక దిద్దుకుంటూ కూర్చోకండి, సెన్సార్ మార్చేయండి. మార్చిన రోజు కూడా రాసుకోండి. పాత అంకెల్ని చెరిపి కొత్తవాటితో సరిపెట్టకండి. రేపు ఎవరైనా మీ ఊరి పదేళ్ళ తేమ లెక్క అడిగితే వాళ్ళకి కావాల్సింది ఆ పుస్తకమే. ఉప్పు ముద్ద ఎలా ఉండాలో ఇక్కడ బల్ల మీద కలిపి పెట్టాను, దగ్గరికొచ్చి చెంచాతో నొక్కి చూడండి.